నల్ల కాఫీకి రెండో సాక్షి

6, సోమవారం

జలుబు పూర్తిగా పోయింది. వారం పైగా మంచం దిగనివ్వలేదు. ఈ ఉదయం ముక్కు శుభ్రంగా ఉంది, గొంతు శుభ్రంగా ఉంది. ఆఫీసుకి వెళ్ళాను.

మధ్యాహ్నం డోనట్లమ్మే రింగులావిడ కొట్టు. ఈ వారం నా ‘జత’ శీర్షికకి దాల్చినచెక్క రింగు, దానికి నల్ల కాఫీ. ఆవిడ ఎప్పట్లాగే నూనెలోంచి రింగుని పుల్లతో ఎత్తి, జల్లెడ మీద వేసి, నూనె కారాక దాల్చినచెక్క పొడి కలిపిన చక్కెరలో దొర్లించి ఇచ్చింది. కొరికాను. చక్కెర ఉంది. దాల్చినచెక్క లేదు. గోధుమరంగు పొడి కంటికి కనిపిస్తోంది, నోటికి తగలడం లేదు.

కాఫీ తాగాను. వేడిగా ఉంది. చేదుగా ఉంది. అంతే. అందులో కాఫీ లేదు.

“ఎలా ఉంది సార్?”

“పొడి మార్చారా?”

“లేదే! ఎందుకలా అడిగారు?”

అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకునేవాళ్ళు వేరు, ఎందుకడిగావని తిరిగి అడిగేవాళ్ళు వేరు. క్రైం పేజీలో ఇరవయ్యేళ్ళు ఈ తేడా చూస్తూ బతికాను.

ఆ పేజీ ఎత్తేసి నన్ను ఆదివారం సంచికలో పడేసినప్పుడు అందరూ నవ్వారు. హత్యలు రాసినవాడు డోనట్లు రాస్తాడట అని. వారానికో కాఫీ, దానికి నప్పే డోనట్, ఎందుకు నప్పుతుందో నాలుగు మాటలు. ఇప్పుడు ఆదివారం అందరూ ముందు తిప్పేది ఆ పేజీనే. ఎస్ప్రెసోకి చాక్లెట్ రింగు అని రాసిన వారం రింగులావిడ కొట్టు ముందు వరస వీధి మలుపు దాకా ఉంది. నన్ను నమ్మి వచ్చేవాళ్ళకి ఆవిడ చేదు నీళ్ళు పోస్తోందంటే అది నా పరువు కూడా.

రేపు చెప్పకుండా వెళ్తాను.

7, మంగళవారం

చెప్పకుండా వెళ్ళాను. బావమరిది కెమెరాతో వెంట వచ్చాడు. వాడు లేకపోతే పేజీకి ఫొటో లేదు, కానీ వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

జామ్ డోనట్ తీసుకున్నాను. దీనికి పాలు పనికిరావు. జామ్ పులుపుకి పాలు నోట్లోనే విరిగినట్టుంటుంది. పల్చటి నల్ల కాఫీ కావాలి. ఈ జత నేను కళ్ళు మూసుకుని చెప్పగలను. కొరికితే తీపి, వెనకాల పులుపు. పండు లేదు. రంగు వేసిన పాకం. కాఫీ మళ్ళీ వేడి, చేదు.

“ఏరా, పండు తగిలిందా నీకు?”

“బావా, గింజలు పళ్ళలో ఇరుక్కున్నాయి. ఇంకేం తగలాలి?”

“కాఫీ?”

“అమోఘం. నీ మొహమే బాలేదు. కాఫీ తాగినవాడిలా లేవు, కషాయం తాగినవాడిలా ఉన్నావు.”

వెళ్ళేటప్పుడు రింగులావిడ వాడికి ఒక పెట్టె నిండా రింగులు కట్టిచ్చింది. డబ్బు ఇచ్చినట్టు నాకు కనపడలేదు. నాకు ఎప్పుడూ ఏమీ కట్టివ్వలేదు.

నిన్నటిదొకటి, ఇవాళ్టిదొకటి. రెండు ఆధారాలు. ఏ వార్తకైనా రెండుంటేనే అచ్చు.

8, బుధవారం

కూరలో ఉప్పు, కారం తప్ప ఏమీ లేదు. “ఇవాళ వంట త్వరగా తేల్చేశావా?” అన్నాను. మా ఆవిడ గరిటె పట్టుకుని నన్ను అలాగే చూసింది. “ఏమండీ, ఎలా ఉంది?” అంది. పాతికేళ్ళుగా వండుతోంది, ఏనాడూ అడగలేదు.

10, శుక్రవారం

దాల్చినచెక్క జత ఆపాను. పాత నోట్సు తీసి గ్లేజ్ రింగుకి పాల కాఫీ అని రాసిచ్చాను. వేడి రింగుని చక్కెర పాకంలో ముంచితే పైన సన్నటి పొర కడుతుంది. పాల కాఫీ గుటక వేస్తే ఆ పొర కరుగుతుంది, కాఫీ చేదు దాని తీపిని కోస్తుంది. ఒకటి మింగాక రెండోది మిగలాలి. ఒకదాన్నొకటి ముంచేస్తే అది జత కాదు. ఇదంతా జలుబుకు ముందు రాసుకున్నది. అప్పట్లో ఆ కొట్టులో నిజాయితీ ఉండేది.

11, శనివారం

బస్ డిపో వెనక ఉన్న ఇంకో కొట్టుకి వెళ్ళాను, పోల్చి చూద్దామని. అక్కడా అదే చేదు నీళ్ళు. ఆఫీసు మెషిన్‌లోనూ అంతే. మెషిన్‌లోది ఎప్పుడూ అంతే అనుకోండి.

ఇద్దరికీ కాఫీ గింజలిచ్చేవాడు ఒక్కడే అయ్యుండాలి. ఇది డోనట్ల కథ కాదు. ఇది మొదటి పేజీ కథ.

13, సోమవారం

మా ఆవిడ కొత్త ప్రశ్నలు మొదలుపెట్టింది. “ఏమండీ, ఏమైనా వాసన వస్తోందా?” అని పొద్దున. రాలేదన్నాను. “సరే” అని లోపలికెళ్ళిపోయింది. రోజూ మందుల షాపుకి డ్యూటీకి వెళ్ళేముందు సెంటు కొట్టుకునేది. ఇప్పుడు మానేసింది. లేదా ఇంట్లో కొట్టుకోవడం మానేసింది.

సాయంత్రం ఒక గొడవ. నేను ఈ గదిలో నోట్సు రాసుకుంటున్నాను. ఆవిడ పాలు పొయ్యి మీద పెట్టి బట్టలు తీయడానికి డాబా మీదికెళ్ళింది. పై ఇంటాయన తలుపు దబదబా బాదాడు. “ఇంట్లో ఏదో మాడిపోతోంది సార్!” వంటగది నిండా పొగ. గిన్నె అడుగు బొగ్గయింది.

ఆవిడ దిగి వచ్చి, గిన్నె వైపు కాదు, నా వైపు చూసింది.

“పక్క గదిలోనే ఉన్నారుగా.”

“తలుపు వేసి ఉంది.”

తలుపు వేసే ఉంది. అందుకే తెలియలేదు. వేసే ఉండి ఉంటుంది.

15, బుధవారం

రింగులావిడ నన్ను చూడగానే కంగారు పడుతోంది.

16, గురువారం

నిన్నటిది వివరంగా రాయాలి. నేను లోపలికి వెళ్ళగానే ఆవిడ వేరే డబ్బా మూత తీసింది. పొడి చెంచాతో కాదు, గుప్పిటితో తీసినంత వేసింది. సగం బల్ల మీద ఒలికింది. కప్పు నా ముందు పెట్టి అక్కడే నిలబడింది.

“ఇప్పుడు చూడండి సార్.”

“ఇప్పుడు అంటే? ఇంతకుముందు?”

“అది కాదు సార్…”

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది. కాఫీ ఇంకా చేదెక్కింది. అంతే తేడా. సగం తాగి లేచాను. ఆవిడ ఆ మిగిలిన సగం వైపు చూసింది.

బయట బెంచీలు ఖాళీగా ఉన్నాయి. డ్యూటీ దిగిన బస్సు డ్రైవర్లు ఈ వేళకి అక్కడ పోట్లాడుకుంటూ ఉండాలి. ఒక్కడే ఉన్నాడు. జనానికీ తెలిసిపోతోంది.

18, శనివారం

ఇది విన్నది విన్నట్టు రాస్తున్నాను. స్నానం చేసి బయటికి వస్తుంటే మా ఆవిడ ఫోన్‌లో, గొంతు తగ్గించి: “లేదురా. ఆయనకింకా తెలీదు… నువ్వు చెప్పకు… ముందు గట్టిగా తేల్చుకుందాం.”

నన్ను చూసి పెట్టేసింది.

“ఎవరు?”

“తమ్ముడు.”

“ఏమిటి తెలియనిది?”

“మీ పుట్టినరోజుకి చొక్కా.”

నా పుట్టినరోజుకి ఇంకా నాలుగు నెలలుంది.

ఉన్నది ఉన్నట్టు పేర్చితే: వాడికి రింగులావిడ పెట్టెలు కట్టిస్తుంది. వాడు కాఫీ అమోఘం అంటాడు. వాడూ వాళ్ళక్కా నా దగ్గర ఏదో దాస్తున్నారు. వాడు ఆ కొట్టులో వాటా తీసుకున్నాడా? పెట్టుబడి మా ఇంట్లోంచే వెళ్ళిందా? రుజువు లేదు. కానీ నిప్పు లేనిదే పొగ రాదు.

20, సోమవారం

బావమరిదిని నిలదీశాను, ఆఫీసు మెట్ల మీద.

“ఆ పెట్టెలు ఏం చేస్తున్నావురా?”

“పంచుతున్నా బావా. ప్రెస్సులో, లైబ్రరీలో, అకౌంట్సులో. కాఫీ కూడా ఫ్లాస్కులో పట్టుకెళ్తున్నా. అందరూ బాగుందంటున్నారు. అంటే, మొన్నటి దాకా అన్నారు.”

“నిన్నెవరు పంచమన్నారు?”

వాడు నోరు తెరిచి మూశాడు. వాడు నోరు మూయడం నేను చూడటం ఇదే మొదటిసారి.

“నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు బావా. నాలుగోది చూపించినా తోక అంటావు,” అని దిగి వెళ్ళిపోయాడు.

కొట్టుకి మంచి మాట పుట్టించడానికి ఊరంతా పంచుతున్నాడన్నమాట. వాడి మాట ఇక ఆధారంగా చెల్లదు.

21, మంగళవారం

కథ రాశాను. ‘కాఫీ లేని కాఫీ.’ కొట్టు పేరుతో సహా. విశేషణాలు లేవు. వెళ్ళిన రోజు, తిన్నది, తాగినది, అందులో లేనిది.

ఆదివారం సంచిక ఎడిటర్‌కి ఇచ్చాను. ఆయన్ని అందరూ కత్తెర అంటారు, ఎదురుగా కూడా. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చదివాడు.

“రెండో ఆధారం ఏది గురూ?”

“రెండుసార్లు వెళ్ళాను. నిజానికి ఇంకా ఎక్కువే.”

“ఒకడే రెండుసార్లు వెళ్తే ఇద్దరవుతారా? అట్లయితే మా ఆవిడ ఒక్కతే నామీద నూటపాతిక మంది సాక్షులు.”

“నా నోరు తెలుసుగా మీకు.”

“తెలుసు. అందుకే ఇంకో నోరు కావాలి. ఇది అచ్చయితే ఆవిడ కొట్టు మర్నాడు తెరవదు. రేపు నేనే వెళ్తా. నేనెవరో చెప్పను.”

వెళ్ళనీ.

22, బుధవారం

కత్తెర వెళ్ళాడు. సగం కప్పు వదిలేసి వచ్చాడట. నా బల్ల దగ్గరికి వచ్చి మరీ చెప్పాడు.

“నువ్వు తక్కువ రాశావు గురూ. మాడు కంపు. గొంతులో ఇంకా పోలేదు. వేసేద్దాం. శుక్రవారం నాలుగింటికి పేజీ వెళ్ళిపోతుంది, ఈలోపు ఆవిడ మాట కూడా ఒక వాక్యం తీసుకో.”

రెండో ఆధారం.

ఇన్నాళ్ళుగా ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేను. నాకు పిచ్చి లేదు, నా నోరు సరిగ్గానే ఉంది. నోటి సంగతి ఎవరూ అడగలేదు, ఎందుకు రాశానో. ఉండనీ.

23, గురువారం

కత్తెర ‘మాడు కంపు’ అన్నాడు. నాకు మాడు తగల్లేదు. చేదు తగిలింది. ఒకరు మాడంటారు, ఒకరు చేదంటారు. ఒకటే.

24, శుక్రవారం

వరసగా రాస్తాను.

పొద్దున కొట్టుకి వెళ్ళాను. నిందపడ్డవాళ్ళ మాట తీసుకోకుండా నేను ఏ వార్తా ఇచ్చినవాణ్ణి కాదు. బెంచీ మీద ఆ డ్రైవరొక్కడే ఉన్నాడు. కాఫీ లేదు చేతిలో, ఉత్త రింగు నములుతున్నాడు.

“మీ కాఫీలో కాఫీ లేదని ఈ ఆదివారం రాస్తున్నాం. మీరేమంటారు?”

రింగులావిడ పొయ్యి కట్టేసింది. మూకుడులో రింగులు అలాగే తేలుతున్నాయి.

“నేనేమంటానా? ఇదంతా మీరు చేసిందే కదా సార్.”

రాసుకున్నాను. నేరం మనమీదికే తిప్పడం కొత్త కాదు.

“మీరు ఆవేళ మొహం చిట్లించారు. పొడి మార్చారా అన్నారు. రాత్రంతా ఆలోచించా. నా నాలుకకేం తెలుసు, పేపరు సారుకి తెలీదా అనుకున్నా. గింజలు ఇంకాస్త మాడ్చి ఇమ్మన్నా. పొడి రెట్టింపు చేశా. రోజూ తాగేవాళ్ళు, ఏంటమ్మా ఈ మాడు అంటే వాళ్ళనే తిట్టా. మీకు తాగడం చేతకాదన్నా. ఇదిగో, ఈయన్ని కూడా.”

“తిట్టింది,” అన్నాడు డ్రైవరు. “మా అమ్మ కూడా అంత తిట్టలేదు.”

“మొన్న ఎవరో పెద్దాయన వచ్చి సగం వదిలేసి పోయాడు. ఆయన వెనకాలే వెళ్ళి అడుగుదామనుకున్నా, ధైర్యం చాల్లేదు.”

ఆ పెద్దాయన ఎవరో నాకు తెలుసు.

ఆవిడ రెండు కప్పులు తెచ్చి పెట్టింది. “ఒకటి పాత పొడి, కాస్త మిగిల్చి దాచా. ఒకటి మీ కోసం మార్చింది. ఏది బాగుందో మీరే చెప్పండి. రేపట్నుంచి అదే పోస్తా. చెప్పి, తర్వాత మీ ఇష్టం వచ్చింది రాసుకోండి.”

మొదటిది తాగాను. రెండోది తాగాను. మళ్ళీ మొదటిది. ఒకటి కొంచెం ఎక్కువ చేదు. ఎక్కువ చేదుంటే ఎక్కువ కాఫీ ఉన్నట్టా, మాడినట్టా? నాకు తెలియలేదు. రెండూ ఒకే గిన్నెలోవి అయ్యుండాలనుకున్నాను. నన్ను పట్టడానికి వల వేసిందనుకున్నాను.

“ఇటివ్వండి సార్,” అని డ్రైవరు చెయ్యి చాచాడు. తాగలేదు. కప్పుల మీద మొహం పెట్టి తీశాడంతే. “ఇది పాతది. ఇది మాడుది. దీనికి చంటిపిల్లాడైనా చెప్తాడు.”

వీడు ఆవిడ మనిషి. సైగ ఉంటుంది. కప్పులు రెండూ తీసుకుని వెనక్కి తిరిగి, బల్ల చాటున అటూ ఇటూ మార్చాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ చెప్పాడు. ఇంకోసారి మార్చాను. ఈసారి ఏది ఎక్కడుందో నాకే తెలియదు, ఆవిడ అటు తిరిగి నిలబడింది, సైగకి చోటు లేదు. ఆయన ముక్కు పెట్టాడు, చూపించాడు. ఏది ఏదో మర్చిపోకుండా పాతదాని అడుగున ఆవిడ ముందే గీసుకున్న గుర్తు, కప్పు ఎత్తి చూశాను. సరిపోయింది.

“సార్,” అన్నాడు ఆయన, కప్పు దించి. “మీకు జలుబా?”

“తగ్గిపోయింది.”

ఈ మాట ఈ నెలంతా అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్తూనే ఉన్నాను.

ఇంటికి వచ్చాను. ఎవరూ లేరు. వంటగదిలో ఒకే రకం స్టీలు డబ్బాలు మూడు తీశాను. కాఫీ పొడి, దాల్చినచెక్క పొడి, బట్టల సబ్బు పొడి. మూతలు తీసి, కళ్ళు మూసుకుని, బల్ల మీద తిప్పి తిప్పి కలిపాను. ఒక్కోదాన్నీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఖాళీ డబ్బా. ఖాళీ డబ్బా. ఖాళీ డబ్బా. మూడోదానిలో వేళ్ళు పెట్టాను. మెత్తటి పొడిలో మునిగాయి. ఏ పొడో అప్పటికీ తెలియలేదు. మళ్ళీ కలిపాను. మళ్ళీ చేశాను.

“ఏమండీ.”

మా ఆవిడ గుమ్మంలో ఉంది, భోజనానికి వచ్చింది. నా మీసాల నిండా సబ్బు పొడి.

నవ్వలేదు. కొంగుతో మూతి తుడిచింది. కుర్చీ లాగి కూర్చుంది.

“ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

“పాలు మాడినరోజు గట్టిపడింది. అంతకుముందే అనుమానం. మీరు వంట గురించి అడిగిన మర్నాడు కూరలో కావాలని పోపు మానేశాను, మీరు కనిపెట్టలేదు. సెంటు మీ దిండు మీదే ఒంపాను, ఏమీ అనలేదు. తమ్ముడు కూడా అన్నాడు, చెడింది బావ నోరక్కా, కాఫీ కాదు అని. ఎవరి నోరు సరైందో తేలాలని వాడే కొనుక్కుని ఊరంతా పంచాడు.”

“కొనుక్కునా?”

“మరి ఊరికే ఎవరిస్తారు?”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే నన్నే అనుమానించేవారు.”

డబ్బాలకి మూతలు పెట్టాను. తర్వాత ఈ గదిలోకి వచ్చి వెనక పేజీలు చదివాను. ఆవిడ తప్పు చెప్పింది. చెప్పకముందే అనుమానించాను.

తలుపు కూడా చూశాను. నా కుర్చీ కాలు దానికి అడ్డం. నేను కూర్చున్నప్పుడు అది మూసుకోదు.

ఆఫీసుకి బయల్దేరాను. దారి పొడుగునా ఒకే లెక్క. కత్తెర స్వయంగా రుచి చూశాడు. మాడు కంపు అన్నాడు. అది నిజం. కాఫీ నిజంగానే చెడింది. కథలోంచి నన్ను తీసేసినా కథ నిలబడుతుంది. నేను నోరు మెదపకపోతే ‘జత’ నాది, పేజీ నాది, ముక్కు సంగతి ఇంట్లో ఇద్దరికి తప్ప తెలియదు. పాత నోట్సు ఇంకా చాలా వారాలకి వస్తాయి. ఒక్కటే అడ్డం. ఆ కాఫీని చెడగొట్టింది నేను.

కత్తెర పేజీ ముందేసుకుని ఉన్నాడు. శీర్షిక పెద్దక్షరాల్లో.

“ఇది తీసెయ్యండి.”

“నాలుగవుతోంది గురూ! ఎందుకు?”

“సాక్షి పనికిరాడు.”

“ఏ సాక్షి? నేను తాగానయ్యా. మాడు!”

“మీరు తాగింది నిజమే. పనికిరానివాడు మొదటి సాక్షి.”

ఆయన కళ్ళజోడు దించాడు. చెప్పాను. జలుబు, డబ్బాలు, సబ్బు పొడి, ఆవిడ ఎందుకు మాడ్చిందో, అంతా. విశేషణాలు లేకుండా చెప్పాను. చెప్పడం అయ్యేసరికి ఆయన శీర్షిక మీద అడ్డంగా గీత గీసి ఉన్నాడు.

“ఖాళీలో ఏం వెయ్యను?”

“గళ్ళనుడికట్టు పెద్దది చెయ్యండి.”

“వచ్చేవారం జత ఎవరు రాస్తారు?”

“నేను కాదు.”

ఆయన కాదనలేదు. అంటాడని కొంచెం చూశాను. ఇది కూడా రాయాలి.

25, శనివారం

రింగులావిడకి చెప్పడం కత్తెరకి చెప్పడం కంటే కష్టమైంది. చేతులు కట్టుకుని విన్నది.

“అంటే, ఇన్నాళ్ళు మీరు రాసిన పొగడ్తలు?”

“అవి జలుబుకు ముందువి. నిజం.”

“ఎవరికి తెలుసు?”

ఆవిడ అనుమానించడం న్యాయం. ఆ అనుమానం నా మీదికి వస్తే ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది.

మాడు గింజల బస్తా తిరిగి పంపేస్తోంది. “డ్రైవర్లందరినీ ఇప్పుడు బతిమాలి పిలవాలి. వచ్చి కూర్చోండి, తిట్టనని చెప్పాలి. మీరే చెప్పండి వెళ్ళి.” డిపోకి వెళ్ళి చెప్పాను. ఒకాయన “పేపర్లో వేస్తారా?” అన్నాడు. వెయ్యనన్నాను.

27, సోమవారం

డాక్టరు ముక్కులో లైటు వేసి చూశాడు. రావచ్చు, రాకపోవచ్చు. మా ఆవిడ రెండు మూడుసార్లు అడిగింది. రెండు మూడుసార్లూ అదే అన్నాడు.

29, బుధవారం

కత్తెర నన్ను మళ్ళీ క్రైం వార్తలు దిద్దే పనిలో వేశాడు. ‘జత’కి ఇంకా మనిషి దొరకలేదు. బావమరిది తనకివ్వమని అడిగాడట. రుచి తెలుసు గానీ రాయడం రాదన్నాడట కత్తెర. “మా బావకి రాయడం వచ్చు గానీ రుచి తెలీదు, ఇద్దర్నీ కలిపి ఒక మనిషిగా లెక్కెయ్యండి,” అన్నాడట వీడు.

నాకు చెప్పకుండా అడిగాడు. ఎందుకో.

ఇలా రాయడం మానుకోవాలి.

2, ఆదివారం

ముగ్గురం కొట్టుకి వెళ్ళాం. బెంచీలు సగం నిండాయి. రింగులావిడ నాకు కూడా డబ్బు తీసుకునే ఇచ్చింది.

దాల్చినచెక్క రింగు, నల్ల కాఫీ. పోయిన నెల ఆపిన జత.

రింగు: వేడి. పైన చక్కెర గరగర, లోపల మెత్తన. తీపి. దాల్చినచెక్క ఉన్నచోట నాలుక మీద సన్నటి చురుకు, ఉందా లేదా అన్నంత. కాఫీ: రింగు కంటే వేడి. చేదు. గుటక తర్వాత చక్కెర గరుకు పోయి నాలుక నున్నగా అవుతుంది, అప్పుడు ఇంకో ముక్క కావాలనిపిస్తుంది. నేను కనుక్కోగలిగింది ఇంతవరకే.

“మిగతాది చెప్పు,” అన్నాను మా ఆవిడతో.

కప్పు మొహం దగ్గర పెట్టుకుని కాసేపు ఆగింది. “వాన పడ్డాక మన మెట్ల దగ్గర వస్తుంది చూడండి, ఆ వాసన కొంచెం. మీరు చూస్తున్నంతసేపూ తాగలేను గానీ, బాగుంది. ఏదీ దేన్నీ ముంచలేదు.”

బావమరిదిని అడిగాను. నోటి నిండా రింగు. “అమోఘం అన్నాను కదా మొదటి రోజే.”

ఇద్దరు సాక్షులు. ఇద్దరూ అక్కాతమ్ముళ్ళు, ముందే మాట్లాడుకుని వచ్చి ఉండొచ్చు.

బాగుందని రాసుకున్నాను.